చుక్క తర్వాత ఇంటిపేరు

ఫిషింగ్ హార్బర్లో, ఐసు ఫ్యాక్టరీ మీది గదికి
ఫోనొస్తే వెళ్లాను.
మెట్ల మీద నీళ్లు, చేపపొలుసులు.
బోటు యజమానుల సంఘం కంప్యూటరు
"మాట వినడం మానేసిందండి" అన్నాడు గుమాస్తా దానియేలు.

తుఫాను కబురు మెయిల్లో వచ్చింది.
నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంది.
తెర నిండా పురుగు పట్టిన బియ్యంలా
కొక్కేలు, సున్నాలు, ప్రశ్నార్థకాలు.
"గాలి వేగం ఇందులో ఎక్కడుంటాదండీ?"
వేలు పెట్టి వరస వరసా వెతుకుతున్నాడు, పాపం.

లింకు నొక్కితే ఇంకో తంతు.
ఎవరూ పిలవని బ్రౌజరొకటి గుమ్మంలో నిలబడి
'ఇక నుంచి నన్నే ఉంచుకుంటారా' అంటుంది.
వద్దంటే పోతుంది.
మళ్లీ నొక్కితే మళ్లీ అదే ముఖం,
పూర్ణా మార్కెట్లో చీటీ డబ్బులకొచ్చే మనిషిలా.

ఏం చేశారని అడిగాను.
ఏమీ చెయ్యలేదన్నారు.
పదహారేళ్లుగా ఇదే పని నాది,
ఎవరూ ఏమీ చెయ్యని కంప్యూటర్ని ఇంతవరకూ చూడలేదు.
చివరికి దానియేలు మేనల్లుడు గోడకి చెప్పినట్టు చెప్పాడు:
దీన్ని దేనితో తెరవాలని అడిగిందక్కా ఒకపాలి,
కంగారులో ఏదో చూపించీసాను.
కింద చిన్న గడి ఉంది, 'ఎల్లప్పుడూ' అని.
దాన్లో టిక్కు పెట్టీసాను.

ఎల్లప్పుడూ.
గోరంత గడి.

ఆపైన దానియేలు వైద్యం:
ఫైలు చివర పీడీఎఫ్ చెరిపేసి
జేపీజీ అని రాశాడు,
ఫొటో అనుకుని ఫొటోలా తెరుచుకుంటుందేమోనని.

నేను చెప్పాను:
మనకి ఇంటిపేరు ముందొస్తుంది.
గరికిన, సూరాడ, మైలపల్లి -
మనిషి తర్వాత.
ఫైలుకి వెనకొస్తుంది, చుక్క పెట్టుకుని.
అది చూసే యంత్రం
ఏ గుమ్మానికి పంపాలో తేల్చుకుంటుంది.
ఇంటిపేరు మారిస్తే గుమ్మం మారుతుంది గాని
లోపలి సరుకు మారదు.

మూల రొయ్యల లెక్క రాస్తున్న నూకరత్నం
తలెత్తకుండానే అంది:
"పెళ్లినాడు నాకూ మార్సీసినారు.
సూరాడ తీసీసి వాసుపల్లి ఎట్టినారు.
సరిగ్గా తెరుసుకున్నానా ఏటి?"

ఎవరూ నవ్వలేదు. కాసేపాగి తనే నవ్వింది.
నేను మౌసు కదిపాను,
ఏమనాలో తోచనప్పుడు నేను చేసే పని అదే.

జేపీజీ చెరిపి పీడీఎఫ్ మళ్లీ రాశాను.
సెట్టింగ్స్, డిఫాల్ట్ యాప్స్,
బావి గిలకలా తిరుగుతూనే ఉండే జాబితా.
ఒక్కోదాన్నీ పట్టుకుని దాని ఇంట్లో దింపాను.
పిలవని బ్రౌజరు చివరిసారి అడిగింది:
'మార్చేముందు ఒక్కసారి నన్ను చూడరా?'
చూశాను. మార్చాను.

"డిఫాల్టంటే ఏటండీ?" దానియేలు.
ఎవరూ ఏమీ చెప్పకపోతే జరిగిపోయేది, అన్నాను.
నూకరత్నం పెన్ను ఆగింది.
మళ్లీ నడిచింది.

తుఫాను కాగితం తెరుచుకుంది.
గాలి గంటకి అరవై, వేటకి వెళ్లొద్దు.
దానియేలు మైకు దగ్గరికి పరిగెత్తాడు.
కిటికీలోంచి చూస్తే
డాల్ఫిన్స్ నోస్ సగం మబ్బులో ఉంది,
కట్టేసిన బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

మూడొందలన్నాను.
రెండొందలూ, పేపర్లో చుట్టిన కానాగంతలూ ఇచ్చారు.

వచ్చే అప్‌డేటుకి మళ్లీ మొదటికి రావచ్చు,
ఫోన్ చెయ్యండని చెప్పి సంచి సర్దుతుంటే
నూకరత్నం వచ్చి కుర్చీ వెనక నిలబడింది.
"దీన్లో నాకో అర చేసి పెడతారా?
పాత పేరు మీద."

సూరాడ నూకరత్నం అని కొట్టాను.
యంత్రం ఏమీ అడగలేదు.
ఫోల్డరుకి వెనక చుక్క అక్కర్లేదు.
లోపల ఏమీ లేదింకా.
తనే మౌసు పట్టుకుని రెండుసార్లు నొక్కింది,
తెరుచుకుంది, మూసింది,
మళ్లీ నొక్కింది.

స్కూటరు డిక్కీలో చేపల వాసన
డాబాగార్డెన్స్ దాకా నాతో వచ్చింది.